ఒకే పేరు, వేరు వేరు బోర్డులు: రాస్ప్‌బెర్రీ పై కొరత నేర్పుతున్నదేమిటి?

సంక్రాంతి సెలవులు ముగిశాక విశాఖపట్నంలోని ఇంజనీరింగ్ కాలేజీల్లో చివరి సంవత్సరం ప్రాజెక్టుల హడావిడి మొదలవుతుంది. పోర్టు పరిసరాల గాలిలో దుమ్మును కొలిచే పెట్టె, తరగతి గది గుమ్మం దగ్గర ముఖం చూసి హాజరు వేసే కెమెరా, రొయ్యల చెరువులో నీటి ఉష్ణోగ్రతను ఫోనుకు పంపే పరికరం వంటివి ఏటా ఏదో ఒక బృందం తయారు చేస్తూనే ఉంటుంది. వీటిలో చాలావాటిని నడిపేది బ్యాంకు కార్డు సైజులో ఉండే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు. తక్కువ ధరకు దొరుకుతుందని, పాడైనా మరొకటి కొనుక్కోవచ్చని, సీనియర్లు రాసిన ప్రోగ్రాం కొద్ది మార్పులతో పనిచేస్తుందని విద్యార్థులు దీన్ని ఎంచుకుంటారు. గడిచిన కొన్నేళ్లలో ఈ మూడు నమ్మకాలూ ఒక్కొక్కసారి తప్పాయి. బోర్డు దొరకలేదు, దొరికినప్పుడు ధర పెరిగింది, ధర పెట్టి కొన్నాక పాత ప్రోగ్రాం దాని మీద నడవలేదు.

బోర్డు దొరకకపోవడం సరఫరాకు సంబంధించిన సమస్య, పాత ప్రోగ్రాం నడవకపోవడం సాంకేతిక సమస్య అని విడదీసి చూడటం మామూలే. రాస్ప్‌బెర్రీ పై చరిత్రను వరుసగా చూస్తే మాత్రం ఈ రెండూ ఒకదానితో ఒకటి పెనవేసుకున్నవేనని అర్థమవుతుంది. ఏదైనా విడిభాగం దొరకనప్పుడు తయారీదారు దాని బదులు మరొకటి వేస్తాడు, లేదా బోర్డునే కొంత మార్చి గీస్తాడు. పెట్టె మీద పేరు మారదు, లోపలి బోర్డు మారుతుంది. ఆ మార్పు సంగతి తెలియకుండా ఒక్కొక్కటిగా బోర్డులు కొనుక్కునేవారికే ఇబ్బంది ఎక్కువ. విశాఖ వంటి నగరంలో ఈ బోర్డు కొనేవారిలో అత్యధికులు ఆ కోవలోకే వస్తారు కాబట్టి ఈ విషయం కొంత వివరంగా తెలుసుకోవలసిన అవసరం ఉంది.

కొరత ఈ బోర్డుకు పుట్టుకతోనే వచ్చింది. 2012 ఫిబ్రవరి 29న తొలి మోడల్-బీ బోర్డును 35 డాలర్లకు అమ్మకానికి పెట్టినప్పుడు సిద్ధం చేసుకున్నవి కేవలం 10,000. ఆ ఉదయం వచ్చిన గిరాకీకి అమ్మే రెండు పంపిణీ సంస్థల వెబ్‌సైట్లూ కుప్పకూలాయి. అంతటితో ఆగలేదు. నెట్‌వర్క్ కేబుల్ పెట్టే జాక్‌లో చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఇమిడి ఉండాలి. ఫ్యాక్టరీలో వాటికి బదులు ట్రాన్స్‌ఫార్మర్లు లేని మామూలు జాక్‌లు బిగించారు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, కానీ మామూలు జాక్‌తో నెట్‌వర్క్ పనిచేయదు. వాటిని ఊడదీసి సరైనవి వేయడానికి, ఆ తర్వాత యూరప్‌లో అమ్మడానికి తప్పనిసరైన సీఈ ముద్ర పొందడానికి కొన్ని వారాలు పట్టింది. మొదటి కొనుగోలుదారులకు బోర్డులు ఏప్రిల్‌లో గానీ చేరలేదు. ఒక చిన్న విడిభాగం మారితే సరఫరా అంతా నిలిచిపోతుందన్న పాఠం అలా మొదటి నెలలోనే ఎదురైంది.

అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన రెండో రివిజన్ (అదే పేరుతో మార్చి గీసిన బోర్డు) ఇంకో పాఠం నేర్పింది. బోర్డును పెట్టెలో బిగించడానికి రంధ్రాలు వచ్చాయి, మరికొన్ని సౌకర్యాలు చేరాయి. వీటితో పాటు సెన్సర్లు కలిపే 26 పిన్నుల హెడర్‌లో మూడు పిన్నుల అర్థం మారిపోయింది. 3, 5 నంబరు పిన్నులు మొదటి రివిజన్‌లో చిప్‌లోని 0, 1 లైన్లకు వెళ్లేవి; రెండో రివిజన్‌లో 2, 3 లైన్లకు వెళ్లాయి. 13వ పిన్ను 21వ లైను నుంచి 27వ లైనుకు మారింది. ఉష్ణోగ్రత సెన్సరు, చిన్న డిస్‌ప్లే వంటివి ఎక్కువగా 3, 5 పిన్నులకే కలుపుతారు. అక్కడుండే ఐ2సీ బస్సు, అంటే సెన్సరూ బోర్డూ మాట్లాడుకునే తీగల దారి, నంబరు సున్నా నుంచి ఒకటికి మారడంతో, పాత ప్రోగ్రాం సున్నా నంబరు బస్సులో వెతికి సెన్సరు లేదని చెప్పేది. వైరింగ్‌లో తప్పు లేదు, సెన్సరూ పాడవలేదు, మారింది బోర్డు మాత్రమే. ఈ కారణం తట్టక బాగున్న సెన్సరును పారేసి కొత్తది కొనడం కొత్తగా నేర్చుకునేవారు ఇట్టే చేసే పొరపాటు. పేరు మాత్రం అప్పుడూ ఇప్పుడూ మోడల్-బీ. అక్టోబరులో అదే ధరకు మెమరీ 256 నుంచి 512 ఎంబీకి పెరిగింది. అప్పుడూ పేరు మారలేదు.

ఆ తర్వాతి ఏళ్లలో ఇలాంటివి మరికొన్ని జరిగాయి. 2014 జులైలో వచ్చిన బీ-ప్లస్‌తో హెడర్ 40 పిన్నులకు స్థిరపడింది. ఈ కుటుంబం చేసిన మేళ్లలో అది పెద్దది. ఆనాడు కొన్న అదనపు బోర్డును ఈనాటి పై మీద కూడా చాలావరకు బిగించగలగడానికి కారణం అదే. 2015 ఫిబ్రవరిలో వచ్చిన పై-2లో కరెంటును సరిచేసే ఒక చిప్ మీద కవచం లేకపోవడంతో, దగ్గర నుంచి జెనాన్ ఫ్లాష్‌తో ఫోటో తీస్తే కంప్యూటరు రీసెట్ అయ్యేది. అదే పై-2 పేరుతో తర్వాత వచ్చిన 1.2 రివిజన్‌లో ప్రాసెసరే వేరు: మొదటిది 32 బిట్లది, రెండోది పై-3లో వాడిన 64 బిట్ల చిప్. ఒకే పేరున్న రెండు పై-2 బోర్డుల్లో ఒకటి 64 బిట్ల ఆపరేటింగ్ సిస్టంను నడపగలదు, రెండోది నడపలేదు.

రివిజన్ మార్పు ఎందుకు ముఖ్యమో అన్నిటికంటే స్పష్టంగా చూపేది 2019 జూన్ 24న విడుదలైన పై-4. కరెంటు కోసం యూఎస్‌బీ-సీ సాకెట్ పెట్టిన తొలి పై ఇదే. ఈ సాకెట్లో సీసీ1, సీసీ2 అని రెండు పిన్నులుంటాయి. తాను కరెంటు తీసుకునే పరికరమని ఛార్జరుకు తెలియజేయాలంటే, ఈ రెంటిలో ఒక్కొక్కదానికీ విడిగా 5.1 కిలో ఓముల రెసిస్టరు ఉండాలని ప్రమాణం చెబుతుంది. పై-4 తొలి బోర్డుల్లో రెండు పిన్నులనూ ఒకటిగా కలిపి, రెంటికీ ఒకే రెసిస్టరు పెట్టారు. మామూలు కేబుల్‌తో ఇది బయటపడదు, ఎందుకంటే అందులో ఒక సీసీ తీగే అవతలి కొసకు వెళుతుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్లతో వచ్చే మెరుగైన కేబుళ్లలో మాత్రం కేబుల్ సామర్థ్యాన్ని తెలిపే చిన్న చిప్ ఉంటుంది. దానికోసం రెండో పిన్ను దగ్గర సుమారు ఒక కిలో ఓము నిరోధం ఉంటుంది. పై-4 లోపల రెండు పిన్నులూ కలిసిపోయినందువల్ల ఆ ఒక కిలో ఓమూ, ఈ 5.1 కిలో ఓములూ సమాంతరంగా కలిసి సుమారు 840 ఓములవుతాయి. రెండు పిన్నుల మీదా అంత తక్కువ నిరోధం కనిపిస్తే అవతల ఉన్నది హెడ్‌ఫోన్ల అడాప్టరని ఛార్జరు తీర్మానించుకుని కరెంటు ఇవ్వదు.

దీని ఫలితం విచిత్రంగా ఉండేది. ఖరీదైన కేబుల్‌తో, మంచి ఛార్జరుతో బోర్డు వెలిగేది కాదు. బజారులో తక్కువ ధరకు కొన్న కేబుల్‌తో వెలిగేది. లోపమున్నది బోర్డులో అయితే అనుమానం ముందుగా వెళ్లేది కేబుల్ మీదికి, ఆ తర్వాత ఎస్‌డీ కార్డు మీదికి. రాస్ప్‌బెర్రీ పై సంస్థ ఈ లోపాన్ని ఒప్పుకుని, తర్వాతి 1.2 రివిజన్‌లో రెండో రెసిస్టరు చేర్చి సరిచేసింది. ఒక బోర్డు మొత్తం ధరలో లెక్కకు రానంత చిన్న భాగమది. కానీ సరిచేసిన బోర్డు వచ్చాక కూడా దుకాణాల్లో ఉన్న పాతవి అమ్ముడవుతూనే ఉంటాయి. పెట్టె మీద చూసి ఏది ఏదో చెప్పలేం. సెకండ్ హ్యాండ్‌లో ఈనాటికీ ఆ తొలి బోర్డులు చేతులు మారుతున్నాయి.

అయితే తేడా కనిపెట్టే మార్గం బోర్డులోనే ఉంది. పై మీద నడిచే లైనక్స్‌లో ప్రాక్ ఫోల్డరులోని సీపీయూఇన్‌ఫో అనే ఫైలును తెరిస్తే చివర్లో రివిజన్ అనే వరుసలో ఒక కోడ్ కనిపిస్తుంది. ఉదాహరణకు 4 జీబీ పై-4 తొలి రూపంలో అది సి03111, సరిచేసిన రూపంలో సి03112. ఇది సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలతో పాటు ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలనూ అంకెలుగా వాడే హెక్సాడెసిమల్ పద్ధతిలో రాసిన సంఖ్య. మొదట ఉన్న సి అనేది ఇది కొత్త పద్ధతి కోడ్ అనీ, మెమరీ 4 జీబీ అనీ కలిపి చెబుతుంది. 2 జీబీ బోర్డుకు అక్కడ బి, 1 జీబీకి ఏ, 8 జీబీకి డి ఉంటాయి. దాని పక్కనున్న సున్నా తయారైన చోటును సూచిస్తుంది, అంటే బ్రిటన్‌లోని సోనీ ఫ్యాక్టరీ. తర్వాతి 3 ప్రాసెసరును, 11 పై-4 మోడల్-బీని తెలుపుతాయి. చివరి ఒక్క అంకె రివిజన్. 1 ఉంటే కేబుల్ విషయంలో జాగ్రత్త అవసరం. 2 గానీ అంతకంటే పెద్దది గానీ ఉంటే ఆ ఇబ్బంది లేదు. సీనియర్ల దగ్గర వాడిన బోర్డు కొనేటప్పుడు ఈ ఒక్క వరుసను తెరపై చూపించమని అడగడం, బోర్డుపై గీతలున్నాయా, పెట్టె ఉందా అని చూడటం కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

ఇక 2021 నుంచి 2023 దాకా సాగిన పెద్ద కొరతకు వస్తే, దాని మూలం రాస్ప్‌బెర్రీ పైలో లేదు. 2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు కార్ల తయారీదారులు గిరాకీ పడిపోతుందని భయపడి చిప్‌ల ఆర్డర్లు రద్దు చేసుకున్నారు. ఆ ఖాళీని ఇంటి నుంచి పని, ఆన్‌లైన్ పాఠాల కోసం పెరిగిన ల్యాప్‌టాప్‌లు, నెట్‌వర్క్ పరికరాల ఆర్డర్లు నింపేశాయి. కార్ల గిరాకీ అనుకున్నదానికంటే త్వరగా తిరిగి వచ్చేసరికి ఫ్యాక్టరీల్లో చోటు లేదు. దానికి తోడు 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సస్‌లో మంచు తుఫానుకు కరెంటు పోయి చిప్ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. మార్చిలో జపాన్‌లోని రెనెసాస్ ఫ్యాక్టరీలో అగ్నిప్రమాదం జరిగింది. సిలికాన్ పలక మీద పని మొదలుపెట్టాక అది పూర్తయిన చిప్‌గా బయటికి రావడానికే నెలలు పడుతుంది, కొత్త ఫ్యాక్టరీ కట్టాలంటే ఏళ్లు పడుతుంది. అందుకే డబ్బు పెట్టినా కొరత వెంటనే తీరలేదు.

రాస్ప్‌బెర్రీ పై మీద ఈ ప్రభావం రెండు విధాలుగా పడింది. పై-3 వంటి పాత బోర్డుల ప్రాసెసర్లు 40 నానోమీటర్ల పద్ధతిలో, పై-4 ప్రాసెసరు 28 నానోమీటర్ల పద్ధతిలో తయారవుతాయి; ఈ సంఖ్య ఎంత పెద్దదైతే పద్ధతి అంత పాతదన్నమాట. ముందుగా 40 నానోమీటర్ల చిప్‌లకు కరువొచ్చింది. అందరి దృష్టీ అత్యాధునిక చిప్‌ల మీద ఉంటుంది గానీ, పాత పద్ధతుల్లో తయారయ్యే చిప్‌లకు గిరాకీ ఎప్పుడూ ఉంటుంది, వాటి కోసం కొత్త ఫ్యాక్టరీలు పెట్టేవారే తక్కువ. రెండోది, ప్రాసెసరు చేతిలో ఉన్నా కరెంటును సరిచేసే చిన్న చిప్ ఒక్కటి అందకపోతే బోర్డు పూర్తి కాదు. పై-4లో 1.5 రివిజన్ వచ్చినప్పుడు సరిగ్గా ఆ కరెంటు చిప్ వేరే తయారీదారుది అయింది. కొరత నుంచి రివిజన్ ఎలా పుడుతుందో చెప్పడానికి ఇంతకంటే నేరైన ఉదాహరణ లేదు. వాడుకునేవారికి అది పాత పై-4 లాగే ఉంటుంది, కానీ పాత ఎస్‌డీ కార్డు తీసి అందులో పెడితే, కార్డులోని సాఫ్ట్‌వేర్ ఆ చిప్ రాక ముందుదైతే బోర్డు మొదలు కాకపోవచ్చు. ల్యాబ్‌లో ఏళ్ల తరబడి ఒకే కార్డు నకళ్లు తీసి వాడుకునే అలవాటు ఉన్నచోట ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది.

2021 అక్టోబరులో సంస్థ తన చరిత్రలో తొలిసారి ధర పెంచింది. 2 జీబీ పై-4 ధర 35 నుంచి 45 డాలర్లయింది. ఆపేసిన 1 జీబీ రకాన్ని మళ్లీ తెచ్చి 35 డాలర్లకు అమ్మారు. నిజానికి ధరకంటే పెద్ద నిర్ణయం వరుసకు సంబంధించినది. 2022 ఏప్రిల్‌లో సంస్థ అధిపతి ఎబెన్ అప్టన్ నెలకు సుమారు 5 లక్షల బోర్డులు తయారవుతున్నాయనీ, వాటిని ముందుగా పారిశ్రామిక కొనుగోలుదారులకు ఇస్తున్నామనీ ప్రకటించారు. ఈ బోర్డును తమ ఉత్పత్తుల్లో బిగించి అమ్ముకునే చిన్న సంస్థలు ఆగిపోతే వాటి మీద ఆధారపడిన వారి బతుకుతెరువు పోతుందన్నది కారణం. మిగిలిన కొద్దిపాటి బోర్డులు దుకాణాలకు చేరగానే, ఆటోమేటిక్‌గా ఆర్డర్లు పెట్టే ప్రోగ్రాములు వాటిని నిమిషాల్లో ఖాళీ చేసేవి. అదే బోర్డు వేరేచోట ప్రకటిత ధరకు రెండు మూడు రెట్లకు కనిపించేది.

ఈ నిర్ణయాన్ని విశాఖ నుంచి చూస్తే రెండు వైపులా న్యాయం కనిపిస్తుంది. పెదగంట్యాడ దగ్గర వైద్య పరికరాలు తయారుచేసే ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ వంటి చోట ఒక చిన్న సంస్థ రోగి పక్కన ఉండే పరికరంలో పై కుటుంబానికే చెందిన, ఇతర ఉత్పత్తుల్లో బిగించడానికి చేసిన కంప్యూట్ మాడ్యూల్‌ను పెట్టిందనుకుందాం. అది దొరకలేదని మరో బోర్డు వేయడం ఆ సంస్థకు సులువు కాదు. బోర్డు మారితే సర్క్యూట్ మళ్లీ గీయాలి, పరీక్షలు మళ్లీ చేయించాలి, అనుమతులు మళ్లీ తెచ్చుకోవాలి. మరోవైపు మధురవాడలోని కాలేజీ విద్యార్థికి ఏప్రిల్‌లో వైవా ఉంటుంది. ఆ తేదీ దాటాక బోర్డు వచ్చి లాభం లేదు. సంస్థ మొదటివారి వైపు మొగ్గడం అర్థం చేసుకోదగినదే. కానీ పిల్లలకు కంప్యూటరు లోపలి పని నేర్పడానికి పుట్టిన బోర్డు, ఆ పిల్లలనే వరుస చివర నిలబెట్టవలసి రావడం ఆ ఉద్దేశానికి తగిలిన దెబ్బ. సంస్థ కూడా దీన్ని గుర్తించినట్టే ఉంది: 2022 డిసెంబరులో విడిగా కొనుక్కునేవారి కోసం లక్ష బోర్డులు పక్కన పెట్టింది. 2023 ద్వితీయార్ధానికి సరఫరా చాలావరకు కుదుటపడింది.

భారతదేశంలోని అధీకృత విక్రేతలు బెంగళూరు, పుణే వంటి నగరాల్లో ఎక్కువ. విశాఖలో డాబాగార్డెన్స్, జగదాంబ వైపు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో రెసిస్టర్లు, రిలేలు, అడాప్టర్లు, ఆర్డుయినో నకళ్లు దొరుకుతాయి గానీ ఇలాంటి బోర్డు చాలామందికి ఆన్‌లైన్‌లోనే రావాలి. దిగుమతి ఖర్చులు, జీఎస్‌టీ, కొరియరు కలిశాక 35 డాలర్ల బోర్డు 35 డాలర్లకు రాదు. ఇంత దూరం నుంచి వచ్చే సరుకుకు అక్కడ తుమ్మితే ఇక్కడ జలుబు చేస్తుంది. కొరత కాలంలో కొందరు ఆరెంజ్ పై, బనానా పై వంటి ఇతర బోర్డుల వైపు వెళ్లారు. ప్రాసెసరు వేగంలో అవి తీసిపోవు. సాఫ్ట్‌వేర్ విషయంలో మాత్రం తేడా పెద్దది. రాస్ప్‌బెర్రీ పై ఆపరేటింగ్ సిస్టం 2012 నాటి బోర్డుకు కూడా చాలా ఏళ్లు కొత్త రూపాలు ఇస్తూ వచ్చింది. చాలా ఇతర బోర్డులకు అమ్మేటప్పుడు ఇచ్చిన సాఫ్ట్‌వేరే చివరిదవుతుంది. రాత్రి పదకొండుకు ఇబ్బంది వస్తే వెతికి జవాబు తెచ్చుకోగలిగే వీలు కూడా ధరలో భాగమేనని కొనేముందు లెక్కవేసుకోవాలి.

కొరత చూపిన మంచి దారి ఒకటుంది. అప్పటి ప్రాజెక్టుల్లో చాలావాటికి అసలు పూర్తి కంప్యూటరే అక్కర్లేదు. ఉష్ణోగ్రత చదివి పది నిమిషాలకోసారి వైఫై ద్వారా పంపడానికి లైనక్స్, ఎస్‌డీ కార్డు, హెచ్‌డీఎంఐ సాకెట్ ఎందుకు? లైనక్స్ లేకుండా ఒకే ప్రోగ్రాంను నడిపే మైక్రోకంట్రోలర్ అనే చిన్నరకం బోర్డు ఇలాంటి పనులకు చాలు: 2021 జనవరిలో 4 డాలర్లకు వచ్చిన పైకో, 2022 జూన్‌లో 6 డాలర్లకు వచ్చిన వైఫై పైకో, ఈఎస్‌పీ32 ఆ కోవవే. పైకోలోని ఆర్‌పీ2040 చిప్ రాస్ప్‌బెర్రీ పై సంస్థ సొంతంగా రూపొందించినది. అదీ 40 నానోమీటర్లదే, అయినా కొరత కాలంలో దొరుకుతూనే ఉంది. చిప్ చాలా చిన్నది కాబట్టి ఒక్కో సిలికాన్ పలక నుంచి సుమారు 20,000 వస్తాయి. అందువల్ల తక్కువ పలకలతోనే పెద్ద గిరాకీ తీర్చగలిగారు. అదీగాక కరెంటు పోయినప్పుడు లైనక్స్ బోర్డులో ఎస్‌డీ కార్డు పాడయ్యే ప్రమాదం ఉంటుంది, పైకోలో ఆ బెడద లేదు.

పైకోకూ రివిజన్ల గొడవ తప్పలేదు. 2024 ఆగస్టులో వచ్చిన పైకో-2లోని ఆర్‌పీ2350 చిప్ తొలి రూపంలో, పిన్నును లోపలి రెసిస్టరుతో సున్నా వోల్టుల వైపు లాగమని చెప్పినప్పుడు కరెంటు లీకై అది రెండు వోల్టులకు కాస్త పైన నిలిచిపోయేది. బటన్ వదిలినా నొక్కినట్టే చదివేదన్నమాట. బయట 8.2 కిలో ఓములు లేదా అంతకంటే తక్కువ రెసిస్టరు పెడితే సరిపోతుంది; 2025లో వచ్చిన ఏ4 రూపంలో చిప్‌లోనే దీన్ని సరిచేశారు. పాత చిప్ ఉన్న బోర్డును పారేయనక్కర్లేదు, రెసిస్టరు పెట్టాలని తెలిస్తే చాలు.

2023 సెప్టెంబరులో ప్రకటించిన పై-5 ల్యాబ్‌ల మీద చూపిన ప్రభావం ఇంకా ఎక్కువ. అంతకుముందు అన్ని బోర్డుల్లో 40 పిన్నుల హెడర్ నేరుగా ప్రధాన ప్రాసెసరుకు వెళ్లేది. పై-5లో ఆ పని ఆర్‌పీ1 అనే వేరే చిప్‌కు అప్పగించి, దాన్ని పీసీఐ ఎక్స్‌ప్రెస్ అనే వేగమైన దారిలో ప్రాసెసరుకు కలిపారు. పిన్నుల వరుస అదే, అదనపు బోర్డులూ కూర్చుంటాయి. కానీ ఏళ్ల తరబడి పాఠాల్లో, రికార్డుల్లో, సీనియర్ల ప్రోగ్రాముల్లో కనిపించే ఆర్‌పీఐ-జీపీఐఓ అనే పైథాన్ లైబ్రరీ పాత ప్రాసెసరు లోపల పిన్నులను నడిపే రిజిస్టర్లు అనే చిన్న నిల్వ స్థానాలను నేరుగా తాకి పనిచేసేది. ఆ రిజిస్టర్లు పై-5లో అక్కడ లేవు. దాంతో ఒక్క ఎల్‌ఈడీని వెలిగించే మూడు వరుసల ప్రోగ్రాం కూడా ఆగిపోతుంది. జీపీఐఓ-జీరో లైబ్రరీతో రాసిన ప్రోగ్రాం మార్చకుండానే నడుస్తుంది, ఎందుకంటే అది లోపల ఏ చిప్ ఉందో చూసుకుని తగిన దారి ఎంచుకుంటుంది. ల్యాబ్ మాన్యువల్‌లో ఈ ఒక్క లైబ్రరీ మారిస్తే పాత, కొత్త బోర్డులు పక్కపక్కనే వాడుకోవచ్చు. కెమెరా సాకెట్ కూడా 15 పిన్నుల నుంచి 22 పిన్నులకు మారింది కాబట్టి పాత కెమెరాకు కొత్త రిబ్బన్ కేబుల్ కావాలి. కరెంటుకు 5 వోల్టుల 5 ఆంపియర్ల అడాప్టరు సూచించారు. 3 ఆంపియర్లదైతే బోర్డు పనిచేస్తుంది గానీ యూఎస్‌బీ సాకెట్లన్నిటికీ కలిపి 600 మిల్లీ ఆంపియర్లకే పరిమితి పెడుతుంది. హార్డ్‌డిస్క్ పెట్టగానే ఆగిపోతోందంటే ముందు చూడవలసింది ఇదే.

ఇప్పుడు కొరత మళ్లీ వచ్చింది, ఈసారి మెమరీ రూపంలో. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్లు మెమరీ చిప్‌ల తయారీ సామర్థ్యాన్ని పెద్ద ఎత్తున లాగేసుకోవడంతో ధరలు ఎగబాకాయి. 2025 డిసెంబరు 1న పై-5 ధరలు పెరిగాయి: 4 జీబీది 60 నుంచి 70 డాలర్లకు, 8 జీబీది 80 నుంచి 95కు, 16 జీబీది 120 నుంచి 145కు. అదే రోజున 1 జీబీ పై-5ను 45 డాలర్లకు తెచ్చారు. పాత తరం మెమరీ వాడే జీరో (చిన్న సైజు పై), పై-3 రకాలు ఆ పెంపులోకి రాలేదు. 2021లో చిప్‌ల కొరతతో ఖర్చులు పెరిగి 1 జీబీ పై-4ను తిరిగి తెచ్చినట్టే, ఇప్పుడు మెమరీ ఖరీదై 1 జీబీ పై-5 పుట్టింది. దీనికి ముందే 2024 ఆగస్టులో 2 జీబీ పై-5 వచ్చినప్పుడు, పైకు అవసరం లేని భాగాలు తీసేసి ఖర్చు తగ్గించిన డీ0 రూపం ప్రాసెసరును వాడారు. వాడకంలో తేడా ఉండదు, మేలే జరిగింది. రివిజన్ అనగానే కంగారు పడనక్కర్లేదని చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

ఈ పరిస్థితిలో కాలేజీ ల్యాబ్‌లు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ప్రాజెక్టుల కోసం జనవరిలో అందరూ ఒకేసారి ఆర్డరు పెట్టడం కంటే, ఎన్ని బోర్డులు కావాలో జులైలోనే అంచనా వేసి విభాగం తరఫున కలిపి కొనడం మేలు. విద్యార్థులు ఒక్కొక్కరూ విడిగా కొని, చదువు అయ్యాక బీరువాలో పడేసే బోర్డులను ల్యాబ్ తిరిగి కొనుక్కుని తర్వాతి బ్యాచ్‌కు ఇస్తే కొరత సగం తీరుతుంది. ప్రతి బోర్డుకూ రివిజన్ కోడ్ రాసిన చిన్న చీటీ అంటించి, స్టాక్ రిజిస్టరులో పేరుతో పాటు ఆ కోడ్‌ను కూడా రాయాలి. ప్రాజెక్టు రిపోర్టులో బోర్డు పేరు దగ్గర ఈ కోడ్, ఆపరేటింగ్ సిస్టం తేదీ, వాడిన లైబ్రరీ రాయడాన్ని తప్పనిసరి చేస్తే, వచ్చే ఏడాది ఆ ప్రోగ్రాం తీసుకునేవారికి ఎన్నో రాత్రులు మిగులుతాయి. సిలబస్‌లో గానీ టెండరులో గానీ ఫలానా పై అని రాయకుండా ఎంత మెమరీ, ఎన్ని పిన్నులు, కెమెరా కావాలా వద్దా అని పని చెప్పి రాస్తే దొరికిన బోర్డుతో సాగిపోవచ్చు.

సముద్రం పక్కన ఉన్న ఈ ఊరికి ప్రత్యేకమైన సంగతి మరొకటి. బీచ్ రోడ్డు, ఫిషింగ్ హార్బర్, పోర్టు వైపు ఆరుబయట పెట్టిన పరికరాల్లో ఉప్పు గాలి, తేమ కలిసి హెడర్ పిన్నులకు, సాకెట్లకు చిలుము పట్టిస్తాయి. కొత్త బోర్డు దొరకడం కష్టమైన రోజుల్లో ఇది అదనపు నష్టం. రబ్బరు అంచున్న మూసిన పెట్టె, కేబుల్ లోపలికి వెళ్లే చోట దాని చుట్టూ బిగుసుకునే గ్లాండ్, జంపర్ తీగలకు బదులు టంకం వేసిన కనెక్షన్లు, సర్క్యూట్ మీద తేమ తగలకుండా పూసే కన్ఫార్మల్ కోటింగ్ వాడితే బోర్డు చాలాకాలం నిలుస్తుంది. కోటింగ్ పూసేటప్పుడు హెడర్ పిన్నులకు, ఎస్‌డీ కార్డు సాకెట్‌కు, యూఎస్‌బీ సాకెట్లకు టేపు వేసి కప్పాలి. వాడిన బోర్డు కొనేవారు కూడా రివిజన్ కోడ్ చూశాక ఆ పిన్నుల మీద ఆకుపచ్చని పొర ఉందేమో వెలుతురులో పరిశీలించి, ఒక ఎల్‌ఈడీ, ఒక రెసిస్టరుతో జీపీఐఓ పిన్నులన్నీ (హెడర్‌లో ప్రోగ్రాంతో నడిపేవి) వరుసగా పరీక్షించుకుని అప్పుడు డబ్బు ఇవ్వాలి.